అరచేతికి ముందే తెలుసు: ఆటలాడే పిల్లలతో మిస్టరీ కథ రాయడం ఎలా

శ్రీకాకుళం జిల్లా ప్రభుత్వ హైస్కూళ్లలో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా, తర్వాత పీడీగా (ఫిజికల్ డైరెక్టరుగా) చేసి రిటైరయ్యాను. పిల్లల కథలు రాస్తాను. అందుకని ఆటలాడే పిల్లలు డిటెక్టివ్‌లుగా ఉండే కథ ఎవరు రాసినా "మేడం, ఒకసారి చూడండి" అని నాకు పంపుతుంటారు. చూస్తాను. అమ్మాయి స్టేట్ లెవెల్ రన్నర్ అని మొదటి పేజీలో ఉంటుంది. ఆ తర్వాత ఆ పిల్ల దొంగ వెంటపడినప్పుడు తప్ప ఎక్కడా పరుగెత్తదు. చివర్లో అటక మీద ట్రంకు పెట్టె, పెట్టెలో తాతగారి డైరీ, డైరీలో ఇంటి రహస్యమంతా పూసగుచ్చినట్టు. పరుగు తీసేసి ఆ పిల్ల చేతికి వీణ ఇచ్చినా కథలో ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు.

ఇలాంటి కథ రాయాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. నేరం ఆ ఆట రూల్సులోంచి పుట్టాలి. ఇంటి రహస్యం ఆ ఆట అడిగే కాగితంలో ఉండాలి. ఆ రెండూ ఒకే మనిషి చేతిలో ముడిపడాలి. న్యాయం కోసం పిల్ల ఒక దారం లాగితే ఇంట్లో ఇంకో దారం ఊడిరావాలి. ఎలాగో ఇప్పుడు నేను రాస్తున్న కథ పెట్టుకునే చూపిస్తాను. అందులో అమ్మాయి పేరు లావణ్య, పదిహేనేళ్లు, వెయిట్‌లిఫ్టర్.

ముందు రూల్ బుక్, తర్వాత నేరం

వెయిట్‌లిఫ్టింగే ఎందుకంటే మా జిల్లా కాబట్టి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒక్క ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి తెచ్చి, అక్కణ్నుంచి తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఈ ఆట పెట్టిందే ఆ ఏడు. మన దేశం నుంచి ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి మహిళ ఆమే. ఆ తర్వాత ఇక్కడ బార్, అంటే ప్లేట్లు వేసి ఎత్తే ఇనుప కడ్డీ, పట్టుకోవాలని సరదాపడని ఆడపిల్ల లేదంటే అతిశయోక్తి అవుతుంది గానీ, మరీ పెద్ద అతిశయోక్తి కాదు. మీది కబడ్డీ ఊరైతే కబడ్డీ తీసుకోండి. మీకు ఒళ్లు నొప్పులతో సహా తెలిసిన ఆట తీసుకోండి.

ఇప్పుడు రూల్ బుక్ తెరిచి నేరస్తుడి కళ్లతో చదవండి. ఎక్కడ చెయ్యి పెట్టొచ్చు?

మగవాళ్ల బార్ 20 కిలోలు, ఆడవాళ్ల బార్ 15. మగవాళ్ల బార్ పొడవు 2.20 మీటర్లు, పట్టుకునేచోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్లది 2.01 మీటర్లు, 25 మిల్లీమీటర్లు. మగవాళ్ల బార్‌కి సరిగ్గా మధ్యలో కూడా గరుకు ఉంటుంది, ఆడవాళ్ల బార్‌కి అక్కడ నున్నగా ఉంటుంది. ప్లేట్లకు రంగులుంటాయి: ఎర్రది 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. ప్లేట్లు జారకుండా బిగించే కాలర్లు రెండూ కలిసి 5 కిలోలు.

ఆడవాళ్ల బార్‌కి రెండు వైపులా ఒక్కో ఎర్ర ప్లేటు వేసి కాలర్లు బిగిస్తే 70. అదే ప్లేట్లు మగవాళ్ల బార్‌కి వేస్తే 75. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు కనబడేది రెండు ఎర్ర ప్లేట్లే. మైకులో "డెబ్బై కిలోలు" అంటే డెబ్బయ్యే అనుకుంటారు. క్లీన్ అండ్ జెర్క్‌లో లావణ్య బెస్ట్ 72. నేరం అయిపోయింది. కత్తి లేదు, విషం లేదు, ఐదు కిలోల ఇనుము.

ఈ మాట మా ఆదివారం కథల గుంపులో చెప్పగానే ఒక ఇంటర్ పిల్లాడు అడిగాడు: "మరి అదే బార్‌తో ఎత్తిన మిగతా అమ్మాయిలందరూ ఫెయిలవ్వాలి కదా మేడం?" ఇలా అడిగేవాణ్ని వదులుకోకండి, మీ కథకు మొదటి ఎడిటర్ వాడే. జవాబు కూడా రూల్ బుక్‌లోనే ఉంది. ఈ ఆటలో బార్ మీద బరువు పెరుగుతూ పోవడమే గానీ తగ్గదు. తక్కువ అడిగినవాళ్లు ముందు ఎత్తుతారు, అందరికంటే ఎక్కువ అడిగినవాళ్లు చివర్లో వస్తారు. లావణ్య అందరికంటే బలమైనది కాబట్టి చివర్లో వస్తుంది. ఆమె వచ్చేసరికి మిగతావాళ్ల పని అయిపోయి ఉంటుంది. ఆ సందులో "స్లీవ్ తిరగట్లేదు, బార్ మార్చండి" అని ఒకరు అంటే చాలు (స్లీవ్ అంటే ప్లేట్లు ఎక్కించే బార్ చివరి భాగం). పాత బార్లు, ఏది ఎవరిదో చెప్పే రంగు గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి. ఇక మూడు ప్రయత్నాలూ ఆమెవే, వెంటవెంటనే. తన వెంట తనే ఎత్తాలి కాబట్టి రెండేసి నిమిషాల టైము. మూడూ పోతే టోటల్ ఉండదు, టోటల్ లేకపోతే సెలక్షన్ లేదు.

చూశారా, అమ్మాయి బలమే ఆమెను ఒంటరిని చేసింది. ఇలాంటిది రూల్ బుక్ చదివితేనే దొరుకుతుంది.

మిగతా ఆటల్లోనూ ఇలాంటి చోట్లు ఉంటాయి. వంద మీటర్లు చేతి వాచీతో 12.3 వస్తే ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చడానికి 0.24 కలుపుతారు, ఒక రికార్డు పుస్తకంలో కలిపి, ఇంకోదాంట్లో కలపకుండా రాస్తే ఇద్దరమ్మాయిల స్థానాలు తారుమారైపోతాయి. అండర్ 18 అమ్మాయిల జావెలిన్ 500 గ్రాములు, పెద్దవాళ్లది 600. కబడ్డీలో రైడ్‌కి 30 సెకన్లు, ఆ గడియారం ఎవరి చేతిలో ఉందో చూడండి. డోపింగ్ పెట్టుకుంటే మాత్రం శాంపిల్ తీసుకునే పద్ధతి పూర్తిగా చదివి రాయండి. "జ్యూస్‌లో మందు కలిపారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ రోజుల్లో స్కూలు పిల్లలు కూడా నవ్వుతారు.

సాక్ష్యం ఒంటిమీదే ఉండాలి

పదిహేనేళ్ల పిల్లకు లాఠీ లేదు, బండి లేదు, సాయంత్రం ఏడు దాటితే బయటికి వెళ్లే వీల్లేదు. ఫోన్ అమ్మది. హాస్టల్ పిల్లయితే ఆ ఫోనూ లేదు. రాత్రి పూట గోడ దూకి ఆఫీసులో ఫైళ్లు వెతికించకండి. పోలీసుకు లేనిది ఆ పిల్లకు ఒకటుంది. రోజూ అదే ఇనుము పట్టుకునే ఒళ్లు.

బార్ మందం మూడు మిల్లీమీటర్లు తేడా అయితే లిఫ్టర్‌కి తెలియదా? తెలుస్తుంది. మరి అక్కడికక్కడే ఎందుకు చెప్పలేదు? దీనికి జవాబు దొరక్కపోతే కథ నిలబడదు. నేను పెట్టుకున్న జవాబు ఇది: లావణ్య వాళ్ల ఊరి హాల్లో ఉన్నది ఒకే బార్, మగవాళ్లది. చిన్నప్పటి నుంచి దాంతోనే సాధన. సెలక్షన్లలో స్నాచ్ అప్పుడు సన్న బార్ చేతికి కొత్తగా ఉంది, అయినా ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్ దగ్గరికి వచ్చేసరికి బార్ హాయిగా, అలవాటైనదానిలా ఉంది. అందుకే అనుమానం రాలేదు. వారం తర్వాత ఊళ్లో అదే బార్ పట్టుకున్నప్పుడు వెలుగుతుంది: "అక్కడి బార్ మన బార్‌లా ఎందుకుంది?" తేడాగా ఉన్నదాన్ని పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు. మామూలుగా ఉన్నదాన్ని పట్టుకోలేడు. క్లూని అక్కడ దాచండి.

రెండో క్లూ వీడియోలో. స్నేహితురాలు సైడు నుంచి తీసింది. మగవాళ్ల బార్ ఆడవాళ్లదానికంటే 19 సెంటీమీటర్లు ఎక్కువ పొడవు. ఆ తేడా దాదాపు అంతా చివర్ల స్లీవ్‌లలోనే. ఎర్ర ప్లేటు, కాలర్ దాటాక బయటికి పొడుచుకొచ్చిన ఇనుము స్నాచ్ వీడియోలో కొంచెమే, రెండో వీడియోలో జానెడు. ఈ వీడియోని కథ మొదట్లోనే, వేరే పని మీద చూపించేయండి. ఫెయిలైనప్పుడు తన ముఖం ఎలా ఉందో చూసుకోవడానికి లావణ్య దాన్ని మళ్లీ మళ్లీ వేసుకుంటుంది. పాఠకుడు కూడా ముఖమే చూస్తాడు.

స్నేహితురాలిని మాత్రం తోకలా వాడకండి. 1990లో హర్యానాలోని పంచకులలో ఒక పద్నాలుగేళ్ల టెన్నిస్ అమ్మాయిని ఆ రాష్ట్ర టెన్నిస్ సంఘం పెద్దగా ఉన్న పోలీసు అధికారి వేధించాడు. 1993లో ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. కళ్లారా చూసిన స్నేహితురాలు, ఆమె తల్లిదండ్రులు కేసు వదల్లేదు. 2009 డిసెంబర్‌లో కోర్టు అతన్ని దోషి అంది, వేసింది ఆరు నెలలు. మరుసటేడు అది ఏడాదిన్నర అయింది. ఆటస్థలంలో మొదలైన న్యాయపోరాటానికి ఎంత కాలం పట్టిందో, దాన్ని మోసింది ఎవరో చూడండి. మెడల్ కోసం పోరాడేది ఒకరు, నిజం కోసం పోరాడేది ఇంకొకరు కావచ్చు. మీ కథలో అసలు డిటెక్టివ్ ఎవరో ఒకసారి మళ్లీ ఆలోచించండి.

మీ కథలో నేరమే అలాంటిదైతే చట్టం చదవకుండా కలం పట్టకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్ల వాంగ్మూలం ఆ పిల్ల ఇంట్లోనో, తను కోరుకున్న చోటో తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు, తల్లిదండ్రులో, పిల్ల నమ్మే ఇంకెవరో పక్కన ఉండాలి. పేరు, ఫొటో, స్కూలు పేరు పేపర్లో రాకూడదు. "మర్నాడు అన్ని పేపర్లలో ఆమె ఫొటోనే" అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 అని ఒక పాత్ర నోట అనిపించడం కూడా మంచిదే, చదివే పిల్లలకు పనికొస్తుంది.

ఇంకొక మాట. పిల్ల శరీరాన్ని ట్విస్ట్ చేయకండి. 2006లో దోహా ఆసియా క్రీడల్లో రన్నర్ శాంతి సౌందరరాజన్ రజతం లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. 2014లో ఇంకో రన్నర్ ద్యుతీ చంద్‌ని హార్మోన్ల పేరుతో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు, ఆమె అంతర్జాతీయ క్రీడా కోర్టుకెళ్లి 2015లో ఆ నిబంధన అమలును ఆపించింది. వాళ్లు మోసిన బాధ మీ చివరి అధ్యాయానికి మెరుపు కాదు.

ఇంటి రహస్యం ఫారంలో ఉంటుంది

డైరీలు మర్చిపోండి. మన ఇళ్లలో రహస్యాలు డైరీల్లో ఉండవు, బీరువాలో పాలిథిన్ కవర్లో ఉంటాయి. ఆటలాడే పిల్ల ఉన్న ఇంట్లో ఆ కవర్ తరచుగా బయటికి వస్తుంది. ఎలిజిబిలిటీ ఫారం, పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, టీసీ, ఆధార్, టెన్త్ అయితే మెమో. స్కూల్లో అడ్మిషన్ రిజిస్టర్ తిరగేసినవాళ్లకు తెలుసు, ఒక తరం పిల్లల్లో ఎంతమంది జూన్ నెలలో "పుట్టారో". బడిలో వేసే రోజున హెడ్మాస్టరు గారు లెక్క సరిపోయేలా ఒక తేదీ రాసేవారు. ఆ తేదీలే తర్వాత మనుషుల జీవితాలయ్యాయి.

ఆటల్లో వయసు తగ్గించి ఆడించడం పాత జబ్బు. 2010లో కేంద్ర క్రీడల శాఖ దీని మీద ఒక కోడ్ తెచ్చింది; ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేసే పద్ధతి ఉంది. అందుకే నా కథలో పాత నేరాన్ని 2000లో పెట్టాను. కాగితం చూపిస్తే జరిగిపోయిన కాలం.

లావణ్య వాళ్లమ్మ అప్పుడు పద్దెనిమిదేళ్లది. మంచి లిఫ్టర్. కోచ్ ఆమెను చిన్న వయసు గ్రూపులో దింపాలని చెల్లెలి సర్టిఫికెట్‌తో ఫారం నింపాడు. అమ్మ ఎత్తింది, మెడల్ పిన్ని పేరు మీద వచ్చింది. కొన్నేళ్లకు ఆ సర్టిఫికెట్‌తోనే పిన్నికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. పిన్ని జీవితంలో బార్ ముట్టుకోలేదు. అమ్మ పెళ్లి చేసుకుని ఆ ఆట పేరే ఎత్తడం మానేసింది. ఇప్పుడు ఆ కోచే జిల్లా సెలక్షన్లు చూసే పెద్ద. అతని క్లబ్బు పిల్ల రెండో స్థానంలో ఉంది. అందుకే బార్ మారింది.

దీన్నంతా ఎవరి చేతా చెప్పించకండి. ఒళ్లే చెప్పాలి. మగవాళ్ల బార్ మధ్యలో గరుకుంటుందన్నాను కదా, క్లీన్ చేసి భుజాల మీదికి తెచ్చినప్పుడు అది కంఠం కింద ఎముక దగ్గర ఒరుసుకుని గీరుకుపోతుంది. లావణ్యకు అలాంటి గీత ఉంది. పిన్ని పెళ్లి ఫొటోలో, పెళ్లికూతురి పక్కన నిలబడ్డ అమ్మకీ అదే చోట అదే గీత. నేను రాసిన సంభాషణ ఇది:

"అమ్మా, ఇదేటి ఇక్కడ?"

"ఎక్కడ?"

"మెడ కింద. గీతలాగ."

"నూతి తాడు ఒరుసుకుంది. అన్నం చల్లారిపోతంది, తిను."

"మరి పిన్నికి లేదేటి? ఇద్దరూ తోడేవోరు కదా?"

అమ్మ పళ్లెంలో చారు పోసింది. అప్పటికే పోసి ఉంది.

ఇంతే. నూతి తాడు అరచేతిని కోస్తుంది గానీ కంఠాన్ని కాదు అని మీరు రాయొద్దు. పాఠకుడు రాత్రి పడుకోబోతూ అనుకుంటాడు.

ఇప్పుడు ముడి. లావణ్య ఫిర్యాదు కాగితంతో కోచ్ దగ్గరికి వెళ్తుంది. అతను కేకలు వేయకూడదు. విలన్ ఎంత నెమ్మదిగా మాట్లాడితే అంత మంచిది. "అమ్మా లావణ్యా, కూర్చో. ఈ కాగితం మీ అమ్మకి చూపించావా? చూపించి, మీ పిన్నికి ఉద్యోగం ఎలాగొచ్చిందో కూడా అడిగిరా. అప్పుడు మాట్లాడుకుందాం." కథకి ఇది నడిమధ్య. ఇక్కడి నుంచి న్యాయం అడిగితే పిన్ని ఉద్యోగం పోతుంది. అడగకపోతే అబద్ధపు ఐదు కిలోలు నిజమైపోతాయి.

ఈ దశలో చాలామంది సమాచార హక్కు దరఖాస్తు పెట్టించి చేతులు దులుపుకుంటారు. పెట్టించండి, కానీ దాని నడక తెలుసుకుని పెట్టించండి. జవాబుకు 30 రోజుల గడువుంది, స్టేట్ మీట్ ఆగదు. ఒకరి సర్వీసు ఫైలు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. తిప్పి పంపనివ్వండి. తలుపు మూసుకుపోయాకే పిల్ల తన బుర్ర వాడుతుంది.

లావణ్యకు తట్టేది ఇది: ఆ పాత ఫారం నింపింది ఎవరు? రాత కోచ్‌ది, సంతకం కోచ్‌ది. అతను నోరు విప్పితే అతనే మునుగుతాడు. బెదిరింపు అనుకున్నదే అతని నేరాంగీకారం. ఆ ఫారం జిరాక్స్ ఇన్నేళ్లూ పిన్ని దగ్గరే ఉంది, ఉద్యోగానికి పెట్టిన కాగితాలతో పాటు. ఇవ్వాలా వద్దా అన్నది పిన్ని తేల్చుకోవాలి. పదిహేనేళ్ల పిల్ల పెద్దవాళ్ల ఉద్యోగం తీసేసే నిర్ణయం చేయకూడదు, చేయించకూడదు. ఈ విషయంలో నేను మొండిని. పెద్దవాళ్ల పాపం బరువు పిల్ల నెత్తిన పెట్టి దాన్ని ధైర్యం అని పిలిచే కథలు నాకు నచ్చవు. నా డ్రాఫ్టులో పిన్ని ఆ జిరాక్స్ తెచ్చి టీవీ పక్కన పెట్టి, "నాకు రేపు డ్యూటీ ఉంది, పొద్దున్నే బస్సు" అని పడుకుంటుంది. ఇంతకంటే పెద్ద డైలాగు రాసి చూశాను, కొట్టేశాను.

న్యాయం అంటే ఎంత ఇవ్వాలి

విలన్‌కి బేడీలు, హీరోయిన్‌కి ఒలింపిక్స్ వద్దు. జిల్లా స్థాయి పిల్లకు దొరకగలిగిన న్యాయం ఏమిటో లెక్కేయండి: మళ్లీ ట్రయల్, సరైన బార్, ముందుగా అందరి ఎదుట కొలిచిన బార్. ఆ ట్రయల్‌లో ఆమె గెలవాలని కూడా లేదు. 70 ఎత్తి రెండో స్థానంలో వచ్చినా ఆ 70 నిజమైన 70. అమ్మ పేరు మీద లేని మెడల్ అమ్మకు తిరిగి రాదు, దాన్ని తెప్పించకండి. అమ్మ హాలుకి వచ్చి చూడటం వరకు చాలు. వచ్చి ఏడవక్కర్లేదు, "మోచేయి లాక్ అవ్వలేదే" అని తప్పు పట్టొచ్చు. అప్పుడు హాల్లో ఉన్నవాళ్లందరికీ అర్థమవుతుంది, ఈవిడకు ఆట తెలుసని.

రూల్స్ పాఠకుడికి ఎలా చెప్పాలన్నది అందరూ అడిగేదే. పాఠంలా చెప్పకండి. ఆట తెలియని మనిషిని ఒకరిని ఇంట్లో పెట్టండి. లావణ్య నాయనమ్మ "ఆ ఎర్ర చక్రం ఎన్ని వీశెలే?" అంటుంది, ఆ పిల్ల విసుక్కుంటూ చెబుతుంది. కథకి కావాల్సిన రూలు మాత్రమే చెప్పాలి. జడ్జిల తెల్ల దీపాలు, ఎర్ర దీపాలు నా కథకి అక్కర్లేదు, వాటి జోలికి పోలేదు. బార్ బరువు, ఎత్తే వరస, కాలర్లు, ఈ మూడూ నేరం బయటపడక ముందే, నవ్వులాటలో చెప్పేసి ఉండాలి. తర్వాత చెబితే మోసం.

డ్రాఫ్టు పూర్తయ్యాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరు ఆ ఆట ఆడేవాళ్లు, ఇంకొకరు కథలోని పిల్ల వయసువాళ్లు. బాగుందా అని అడగకండి, మొహమాటానికి బాగుందనేస్తారు. ఆటగాణ్ని "ఇలా జరగదు అనిపించిన చోట గీత పెట్టు" అనండి. పిల్లని "ఎక్కడ ఫోన్ చూసుకున్నావో చెప్పు" అనండి. నా డ్రాఫ్టు చదివిన ఒక లిఫ్టర్ అమ్మాయి ఒకే ఒక్క చోట గీత పెట్టింది. మూడో ప్రయత్నానికి ముందు లావణ్య అరచేతులకు పౌడర్ రాసుకోలేదట. "పౌడర్ లేకుండా ఎవరు ఎత్తుతారు మేడం?" అంది. ఆ పౌడర్ గిన్నె ఇప్పుడు కోచ్ కుర్చీ పక్కన పెట్టాను. బార్ మార్చేటప్పుడు లావణ్య వీపు అటు తిరిగి ఉండటానికి కారణం కూడా దొరికింది.